ట్రంకు పెట్టె మీద పేరు కనిపిస్తోంది: మిలిటరీ ఇళ్లవాళ్లు ఆన్‌లైన్‌లో ఏం పెట్టొచ్చు?

తాడిపత్రి_కోడలు | శనివారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మా ఆయన మిలిటరీలో పనిచేస్తారు. లీవు అయిపోయి మొన్న గురువారం బయల్దేరారు. గుంతకల్లు దాకా ఇంటిల్లిపాదీ వెళ్లి రైలెక్కించి వచ్చాం. మా మరిది ప్లాట్‌ఫామ్ మీద ఫోటో తీసి, రైలు కదలకముందే ఫేస్‌బుక్‌లో పెట్టేశాడు. "మా అన్న దేశసేవకు మళ్లీ బయల్దేరాడు" అని రాసి పక్కన జెండా బొమ్మలు. మూడొందల లైకులు. మా అత్త ఆ ఫోటో పట్టుకుని వీధంతా తిరిగింది.

శుక్రవారం పొద్దున ఆయన రైల్లోంచి ఫోన్ చేసి అరిచారు. మరిది మీద కాదు, నా మీద! "ఫోటో పెద్దది చేసి చూడు" అన్నారు. చూశాను. ఆయన కాళ్ల దగ్గర నల్ల ట్రంకు పెట్టె. దాని మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్. కళ్లజోడు లేకుండా మా అత్త కూడా చదివేసింది. వెనక బోగీ మీద రైలు నంబరు బోర్డు కూడా స్పష్టంగా ఉంది.

వెంటనే తీయించేశాను. కానీ అప్పటికే ఊరి గ్రూపులో, చుట్టాల గ్రూపులో తిరుగుతోంది. నిజంగా ఇది అంత ప్రమాదమా? అందరూ పెడుతూనే ఉన్నారు కదా! తెలిసినవాళ్లు చెప్పండి. టెన్షన్‌తో రెండు రోజులుగా నిద్ర లేదు.

నల్లరేగడి | శనివారం రాత్రి 10:05

ఇంత భయం అక్కర్లేదమ్మా. ఆకాశంలో శాటిలైట్లు తిరుగుతున్న కాలం ఇది. మన సైన్యం ఎక్కడుందో పక్క దేశానికి తెలీకనా? తాడిపత్రిలో ఒక ట్రంకు పెట్టె చూసి యుద్ధానికి వస్తారా? మా ఊరి నుంచి పదకొండు మంది ఉన్నారు మిలిటరీలో, అందరి ఫోటోలూ ఉన్నాయి ఆన్‌లైన్‌లో. మా చిన్నాయన కొడుకు ▇▇▇▇▇ యూనిట్‌లో ▇▇▇▇▇లో ఉన్నాడు, రోజూ స్టేటస్ పెడతాడు. ఏమీ కాలేదు.

[యూనిట్ పేరు, ఊరి పేరు చెరిపేశాను. ఈ చర్చలోనే ఇట్లా రాస్తే ఎట్లా సామీ? – మోడరేటర్]

పెన్షన్_హవల్దార్ | శనివారం రాత్రి 10:51

నల్లరేగడి అన్నా, శాటిలైట్‌కి రేకుల షెడ్డు కనిపిస్తుంది. ఆ షెడ్డులో పడుకునే మనిషి పేరేంది, వాళ్ల ఇల్లు యాడ, పెళ్లాం నంబరెంత, అప్పు ఎంతుంది, వాడికి ఏమంటే ఆశ, ఇవేవీ పైనుంచి కనిపించవు. అవన్నీ మనమే కింద నుంచి చూపిస్తున్నాం.

నేను కడపోణ్ణి. పెన్షన్ మీద వచ్చి చాలా ఏళ్లయింది. మా కాలంలో మా అమ్మ ఇన్‌లాండ్ లెటర్ రాయించేది. అడ్రస్సు ఏముండేదో తెలుసా? నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కింద "కేరాఫ్ 56 ఏపీవో" (ఏపీవో అంటే ఆర్మీ పోస్టాఫీసు). అంతే. ఊరు లేదు, జిల్లా లేదు, రాష్ట్రం లేదు. నేను రాజస్థాన్ ఇసుకలో ఉన్నా, కాశ్మీర్ మంచులో ఉన్నా అదే అడ్రస్సు. ఈశాన్యం వైపు పోతే 99 ఏపీవో. మా ఊరి పోస్ట్‌మన్ "56 అనేది ఏ ఊరు సామీ?" అని మా నాయనను అడిగేవాడు. మా నాయన "అది పెద్ద ఊరు, నీకు తెలీదులే" అనేవాడు.

జాబు ఎవరి చేతిలో పడినా మనిషి ఎక్కడున్నాడో తెలీకూడదని చేసిన ఏర్పాటు అది. ఇప్పటికీ నడుస్తోంది. కవరు మీద ఊరి పేరు రాయని మనం అదే ఊరి పేరు స్టేటస్‌లో పెడుతున్నాం.

కోడలమ్మా, నీ మొగుడు అరిచింది భయంతోనే. కోపం తెచ్చుకోవద్దు. ట్రంకు మీద ఆ పెయింటు సామాను తప్పిపోకుండా వేసేది, ఫోటో కోసం వేసింది కాదు. ఈసారి లీవుకు వస్తే ఒక గోనెపట్టా కప్పమను, ఖర్చు లేని పని.

డ్యూటీ_నుంచే | ఆదివారం ఉదయం 6:20

నేను ఇప్పుడు సర్వీసులో ఉన్నా. ఎక్కడో చెప్పను :)

2020 జూలైలో ఆర్మీ మాకు ఉత్తర్వు ఇచ్చింది: ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో కలిపి 89 యాప్‌లు ఫోన్లోంచి తీసేయాలని. అంతకుముందు 2019 డిసెంబరులో మన ఆంధ్ర ఇంటెలిజెన్స్ పోలీసులు "ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్" అని చేసి ఏడుగురు నేవీ వాళ్లను పట్టుకున్నారు. ఆడవాళ్ల పేర్లతో ఫేస్‌బుక్‌లో పరిచయం చేసుకుని లోపలి సంగతులు లాగారని కేసు. ఆ తర్వాతే నేవీ ఓడల మీద, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్ బంద్ చేసింది.

అంటే మా ఫోన్లు సర్దుకున్నాయి. మా ఇంట్లో ఫోన్లకు ఏ ఉత్తర్వూ లేదు. నేను యాప్ తీసేసిన రోజే మా చెల్లెలు నా యూనిఫాం ఫోటో ప్రొఫైల్‌కి పెట్టింది. ఏం చెప్పాలి?

మిగతావన్నీ పక్కన పెట్టి ఒక్కటి అడుగుతా. వీడియో కాల్ స్క్రీన్‌షాట్ తీయొద్దు ప్లీజ్. మేము మొహం చూపిస్తాం, మీకు వెనక బస్తాలు, గోడ మీద కాగితాలు, తలుపు మీద రాతలు కూడా వస్తాయి. మీరు "మై హీరో" అని స్టేటస్ పెడతారు.

గుత్తి_కోట | ఆదివారం ఉదయం 11:15

తాడిపత్రి_కోడలు అక్కా, తప్పుగా అనుకోవద్దు. ఊరు గుత్తి, ఉద్యోగం బెంగళూరులో, సాఫ్ట్‌వేర్. మీ పేరు మీద నొక్కి, మీరు ఇక్కడ రాసిన పాత పోస్టులన్నీ చదివా. ఒక టీ తాగేంత సేపు పట్టింది. ఏం దొరికిందో కింద రాస్తున్నా. కాకపోతే నెలలు, తరగతి, పండగ అన్నీ మార్చి రాస్తున్నా. అసలువి మీకు విడిగా మెసేజ్ చేశా.

జనవరిలో వంటల విభాగంలో అడిగారు: "చలికి పచ్చడిలో చెనిక్కాయ నూనె గడ్డకడుతోందట, ఏ నూనెతో పెట్టాలి?" అంటే మనిషి మంచులో ఉన్నాడు. ఫిబ్రవరిలో: "పార్సిల్ పంపి పదహారు రోజులైంది, దారి మూసేశారట, పాడైపోతుందా?" ఆ వారం ఏ కనుమ దారి మూశారో పేపర్లో ఉంటుంది. ఏప్రిల్‌లో: "తండ్రి బదిలీ మీద కేంద్రీయ విద్యాలయంలో రెండో తరగతి సీటు దొరుకుతుందా?" అంటే పాపకు ఏడేళ్లు, బదిలీ దగ్గర్లో ఉంది. ఆగస్టులో: "వ్రతానికి ఇంట్లో మగదిక్కు లేదు, నేనూ అత్తా పాపే, పూజకు ఎవరైనా వస్తారా?" అని గుడి పేరు చెప్పి మరీ అడిగారు. నిన్న ట్రంకు పెట్టె.

ఏ ఒక్కటీ రహస్యం కాదక్కా. పచ్చడి రహస్యమా? కానీ ఐదూ వరుసగా పేర్చితే, ఫలానా యూనిట్ చలికాలం ఎక్కడుంది, ఎప్పుడు కదులుతోంది, ఆ మనిషి లేనప్పుడు ఫలానా గుడి పక్క ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు, ఒక పాప మాత్రమే ఉంటారు అని వచ్చేస్తుంది. నేను ఏ లోయ అనుకున్నానో ఇక్కడ రాయను. మీరు కూడా అవుననీ కాదనీ అనొద్దు.

తాడిపత్రి_కోడలు | ఆదివారం ఉదయం 11:40

చదువుతుంటే ఒళ్లు జల్లుమంది. చేతులు వణుకుతున్నాయి. మోడరేటర్ గారూ, నా పాత పోస్టులన్నీ తీసేయగలరా? పేరు కూడా మార్చండి దయచేసి.

మోడరేటర్ | ఆదివారం మధ్యాహ్నం 12:10

తీసేశాను. గూగుల్‌లో కొన్నాళ్లు పాత కాపీ కనిపించొచ్చు, తొలగించమని అక్కడ కూడా అడగాలి. మీ పేరు "సీమ_కోడలు" అని మార్చాను.

ఆదోని_అమ్మమ్మ | ఆదివారం మధ్యాహ్నం 12:32

పచ్చడి సంగతి మధ్యలో వదిలేశారు. చలి ప్రాంతానికి నువ్వుల నూనెతో పెట్టమ్మా, చెనిక్కాయ నూనెకన్నా మేలు. ఇంక పొడికారాలు పంపితే నూనె బాధే లేదు. మా మనవడికి నేను ఓళిగలు పంపి బూజు పట్టించా, నిప్పట్లు అయితే నెల ఉంటాయి.

ఫ్లెక్సీ_మామ | ఆదివారం మధ్యాహ్నం 3:05

ప్రొద్దుటూరులో ఫ్లెక్సీలు వేస్తా. తప్పు మా దగ్గర కూడా ఉంది, ఒప్పుకుంటున్నా.

పిల్లోడు సెలెక్ట్ అయితే ఫ్లెక్సీ, ట్రైనింగ్ అయిపోతే ఫ్లెక్సీ, లీవులో వస్తే "స్వాగతం సుస్వాగతం". వాళ్ల నాయన చీటీ మీద రాసుకుని వస్తాడు: పేరు, నాయన పేరు, ఊరు, రెజిమెంట్, పోస్టింగ్ యాడ, సెల్ నంబరు. ఎనిమిదడుగుల బొమ్మలో అన్నీ ఉండాల్సిందే. లేకుంటే "పక్కింటోళ్ల ఫ్లెక్సీలో ఉంది కదా" అంటాడు. కూడలిలో కట్టినాక దాని ముందర నిలబడి నలభై మంది ఫోటో తీసుకుని పెడతారు. ఇంక దాన్ని ఎవడు తీసేస్తాడు?

మే నెల నుంచి నేనే ఒక మాట పెట్టుకున్నా. "రెజిమెంట్ వద్దునాయనా, భారత సైన్యం అని పెడతా, అక్షరాలు పెద్దవి వస్తాయి" అంటా. అక్షరాలు పెద్దవంటే ఒప్పుకుంటున్నారు! పోస్టింగ్ జాగాలో ఊరి దేవుడి బొమ్మ వేస్తున్నా. గన్ను, ట్యాంకు మాత్రం ఉండాలంటారు. నెట్‌లో దొరికిన ట్యాంకు వేస్తా. ఒక రిటైర్డు సారు చూసి "ఇది మన ట్యాంకు కాదురా, పరాయి దేశానిది" అని నవ్వినాడు. అదీ ఒకందుకు మంచిదే అనుకున్నా.

నల్లరేగడి | ఆదివారం సాయంత్రం 4:18

ఫ్లెక్సీ కూడా వద్దంటే ఇంకేం మిగిలింది? కరువు సీమ మాది. వేరుశెనగ పోయింది, పత్తి పోయింది. పిల్లోడు మిలిటరీకి పోయినాడంటే ఆ ఇంటికి అదొక్కటే గౌరవం. దాన్ని కూడా దాచుకోమంటారా?

డ్యూటీ_నుంచే | ఆదివారం సాయంత్రం 5:02

దాచుకోమనలేదు అన్నా. మా ఊర్లో నా ఫ్లెక్సీ చూసి మా అమ్మ మొహం వెలిగిపోయింది, అది నేను మర్చిపోను. పేరు, ఫోటో, జెండా ఉండనీ. యూనిట్, చోటు, తేదీ, ఈ మూడూ వద్దు. లీవు ఫోటోలు నేను తిరిగి చేరినాక వారం పోయి పెట్టండి. కొంపేమీ మునగదు.

కర్నూలు_లక్ష్మి | ఆదివారం రాత్రి 8:47

అందరూ శత్రు దేశం గురించే మాట్లాడుతున్నారు. మాకు దెబ్బ తగిలింది మామూలు దొంగల వల్ల.

మా ఆయనకు కొత్త క్యాంటీన్ కార్డు వచ్చినప్పుడు మా అబ్బాయి సంబరంగా ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. పక్కనే ఐడీ కార్డు కూడా ఉంది ఫోటోలో. అది ఎన్ని చేతులు మారిందో తెలీదు. ఆరు నెలలకు ఎక్కడో విజయవాడ మనిషి ఫోన్ చేసి తిట్టాడు: "మీ ఆయన బండి అమ్ముతానని డబ్బు తీసుకుని ఎత్తేశాడు" అని. పాత సామాన్లు అమ్మే సైట్లలో మిలిటరీ మనిషినని చెప్పి, ఐడీ కార్డు ఫోటో పంపి, "ట్రాన్స్‌ఫర్ అయింది, బండి తక్కువకు ఇచ్చేస్తున్నా, రవాణా ఖర్చు ముందు వేయండి" అనే మోసం ఉంది కదా, దానికి మా ఆయన కార్డు వాడారు. మేం పోలీసుల దగ్గరికి పోయి మేం దొంగలం కాదని చెప్పుకోవాల్సి వచ్చింది. పాపం ఆయన సగం లీవు అందుకే సరిపోయింది.

రెండోది మా అత్తకు వచ్చిన ఫోన్. హిందీ, తెలుగు కలిపి మాట్లాడాడు. మా ఆయన పేరు, ర్యాంకు, పిల్లల పేర్లు అన్నీ చెప్పాడు. "యాక్సిడెంట్ అయింది, ఆస్పత్రిలో ఉన్నాడు, వెంటనే యాభై వేలు వేయండి." ఆమె గుండె ఆగినంత పనైంది. అదృష్టం, ఆమెకు ఫోన్లో డబ్బు పంపడం రాదు!

అప్పటి నుంచి ఇంట్లో ఒక గుర్తు మాట పెట్టుకున్నాం. ఎవరు ఫోన్ చేసి ఆయన గురించి చెప్పినా అత్త ఒకటే అడుగుతుంది: "మా ఇంట్లో చచ్చిపోయిన బర్రె పేరేంది?" అది ఆయనకూ మాకూ తప్ప ఎవరికీ తెలీదు. ఫోటో కూడా లేదు దానికి. చెప్పలేకపోతే ఫోన్ పెట్టేసి, యూనిట్ నుంచి మాకు ముందే ఇచ్చిన నంబరుకు మేమే చేస్తాం.

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే పోయిన డబ్బు మధ్యలో ఆపే వీలు అంత ఎక్కువ.

పెన్షన్_హవల్దార్ | ఆదివారం రాత్రి 9:30

లక్ష్మమ్మ చెప్పింది నూటికి నూరు నిజం. పెన్షన్ వాళ్లకు నవంబరు వస్తే లైఫ్ సర్టిఫికెట్ పేరుతో ఇట్లాంటి ఫోన్లే. స్పర్శ్ అంటే మా మిలిటరీ పెన్షన్ ఇచ్చే ఆన్‌లైన్ పద్ధతి, పీపీవో అంటే పెన్షన్ మంజూరు కాగితం. "స్పర్శ్ నుంచి మాట్లాడుతున్నాం, పీపీవో నంబరు చెప్పండి, ఓటీపీ వస్తుంది చెప్పండి." మా తోటివాళ్లు రిటైర్మెంట్ రోజు పీపీవో కాగితం పట్టుకుని ఫోటో దిగి గ్రూపులో పెడతారు. ఇంక వాడు అడగాల్సింది ఓటీపీ ఒక్కటే.

నంద్యాల_సంబంధాలు | సోమవారం ఉదయం 7:55

పెళ్లి సంబంధాల గ్రూపుల గురించి ఎవరూ అనలేదు. నేను నడిపేది ఒకటుంది, ఎనిమిది వందల మంది. మిలిటరీ వరుడి బయోడేటా వస్తే జీతం స్లిప్పుతో సహా వస్తుంది! అందులో ఆర్మీ నంబరు, యూనిట్, బ్యాంకు ఖాతా అన్నీ. "సంబంధం నమ్మాలి కదా" అంటారు. ఇప్పుడు నేను జీతం అంకె మాత్రం రాసి స్లిప్పు తీసేస్తున్నా. పిల్ల తరఫువాళ్లకు అనుమానం ఉంటే ఇంటికొచ్చి కాగితం చూసుకోమంటున్నా.

గుత్తి_కోట | సోమవారం ఉదయం 10:20

కొందరు విడిగా మెసేజ్ చేసి సెట్టింగులు అడుగుతున్నారు. ఇక్కడే చెప్తా.

ఫోన్ కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపండి. ఆపకపోతే ఫోటోలోనే అక్షాంశ రేఖాంశాలు దాక్కుంటాయి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అవి పోతాయి గానీ, "క్వాలిటీ తగ్గకూడదు" అని డాక్యుమెంట్‌గా పంపితే అట్లే పోతాయి. మా ఇంట్లో పెళ్లి ఫోటోలన్నీ డాక్యుమెంట్‌గానే పంపుకుంటారు, అందుకే చెప్తున్నా.

ఇంకొకటి ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో అందరి ఫోన్లకూ ఒకే గూగుల్ ఖాతా. జవాను అక్కడ తీసిన ఫోటో రాత్రికి ఇంటి ఫోన్లోకి వచ్చేస్తుంది, మ్యాప్ మీద చుక్కతో సహా. పిల్లలు దాన్ని ఎత్తి స్టేటస్ పెడతారు. ఆయన ఖాతా వేరుగా ఉంచండి.

పరుగు లెక్కపెట్టే యాప్‌లు కూడా అంతే. స్ట్రావా అనే కంపెనీ ప్రపంచంలో జనం పరుగెత్తిన దారులన్నీ మ్యాప్‌గా వేసి 2017 నవంబరులో పెట్టింది. 2018 జనవరిలో ఆస్ట్రేలియా విద్యార్థి ఒకడు అందులో ఎడారి మధ్య సైనిక స్థావరాలు గీతలుగా వెలుగుతున్నాయని చూపించాడు. జవాన్లు పొద్దున్నే గోడ చుట్టూ పరుగెత్తితే గోడ ఆకారం మ్యాప్ మీద పడింది. మన దగ్గర ఆర్మీ సెలెక్షన్ కోసం గ్రౌండ్‌లో పరుగెత్తే పిల్లలందరి ఫోన్లలో ఇట్లాంటివే ఉంటాయి. సెలెక్ట్ అయి వెళ్లేటప్పుడు తీసేయమని చెప్పండి.

స్టేటస్ ఎవరికి కనిపించాలో ఎంచుకునే వీలుంది. గ్యాస్ సిలిండర్ అబ్బాయి, పాలాయన, ఏసీ రిపేరాయన అందరూ మీ కాంటాక్టుల్లో ఉన్నారని గుర్తుపెట్టుకోండి.

హిందూపురం_అక్క | సోమవారం మధ్యాహ్నం 1:12

మా తమ్ముడు బార్డర్‌లో ఉంటాడు. 2025 మేలో గోరంట్ల దగ్గర కల్లి తండా అబ్బాయి నియంత్రణ రేఖ దగ్గర వీరమరణం పొందినప్పుడు మా వైపు మిలిటరీ ఇళ్లలో ఎవరూ పడుకోలేదు. ఆ రోజుల్లో రక్షణ శాఖ టీవీలవాళ్లకు, సోషల్ మీడియావాళ్లకు కూడా చెప్పింది: సైన్యం కదలికలు లైవ్ ఇవ్వొద్దు, కార్గిల్‌లో, 2008 ముంబై దాడిలో ఏం జరిగిందో గుర్తుంచుకోండి అని. కానీ మా ఊరి గ్రూపులో "మావాడు ఫోన్ చేశాడు, వారం ఫోన్ ఉండదట, ముందుకు పోతున్నారట, అందరూ దేవునికి మొక్కండి" అని ఒక తల్లి వాయిస్ మెసేజ్ పెట్టింది. ఆమెను ఏమనగలం? ఏడుస్తూ పెట్టింది. ఆమె ఇంటికి పోయి పక్కన కూర్చుని, ఫోన్ తీసుకుని నేనే డిలీట్ చేశా. మొక్కుకోవాలంటే గుడికి పోదాం రా పెద్దమ్మా అన్నా. పోయినాం.

ఇంకొక్క మాట. ఎవరికైనా ఏదైనా అయిందని వింటే, ఇంటివాళ్లకు యూనిట్ నుంచి కబురు వచ్చేదాకా గ్రూపుల్లో దండ వేసిన ఫోటో పెట్టొద్దు. ఒక భార్య ఆ సంగతి స్టేటస్‌లో చూసి తెలుసుకోవడం కన్నా ఘోరం ఇంకోటి లేదు.

నల్లరేగడి | సోమవారం రాత్రి 9:03

మా చిన్నాయన కొడుక్కు ఫోన్ చేసినా. స్టేటస్‌లు తీసేయమని చెప్పినా. "నీకెందుకు అనుమానం వచ్చింది?" అన్నాడు. ఈ చర్చ చదివి వినిపించినా. మోడరేటర్ నా పోస్టులో చెరిపిన సంగతి కూడా చెప్పినా. నన్నే తిట్టినాడు.

సీమ_కోడలు | గురువారం రాత్రి 8:15

ఆయన క్షేమంగా చేరారు. ఎప్పుడు, ఎక్కడికి అని అడగొద్దు :)

గుత్తి_కోట తమ్ముడు రాసింది మా మరిదికి చదివి వినిపించాను. రెండు గంటలు మాట్లాడలేదు. తర్వాత చుట్టాల గ్రూపులో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఆ ఫోటో తీయించాడు. ఒక మామయ్య మాత్రం "నా డీపీ అది, తీయను" అన్నాడట. ట్రంకు పెట్టె కత్తిరించి కొత్త ఫోటో చేసి పంపాడు, దానికి ఒప్పుకున్నాడు. గుర్తు మాట కూడా పెట్టుకున్నాం, మాది బర్రె కాదు.

అసలు కష్టం మా అత్తతో అనుకున్నా. వీధిలో రోజుకు పదిమంది అడుగుతారు. "డ్యూటీలో ఉన్నాడు అను చాలు" అని చెప్పా. ఆమెకు అది నచ్చలేదు, మరీ పొడిగా ఉందట. సొంతంగా ఒకటి కనిపెట్టింది. ఈరోజు సాయంత్రం ఎదురింటామె అరుగు మీద కూర్చుని అడిగింది: "మీవాడు యాడున్నాడు ఇప్పుడు?"

"రైల్లో ఉన్నాడు."

"పోయిన వారమే ఎక్కినాడు కదమ్మా, ఇంకా రైల్లోనేనా?"

"పెద్ద రైలులే" అని చాట తీసుకుని లోపలికి వచ్చేసింది.